సున్నా వడ్డీ ఫ్రిజ్‌కు ఆరు వేల చార్జీలు: ఏవి అడగాలి, ఏవి వదలాలి?

ప్రశ్న: మాది కావలి. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన అల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద పని చేస్తారు. దసరాకి ఒంగోలులో మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కర్నూలు రోడ్డులో ఒక షోరూములో ఫ్రిజ్ తీసుకున్నాం. ధర 24,000. సున్నా వడ్డీ, పది నెలల కిస్తీలు అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు 999, ఏదో కార్డు అని 530 అక్కడే కట్టించుకున్నారు. నెలకి 2,400 పడుతుందనుకుంటే 2,650 కట్ అవుతోంది. ఫోన్ చేస్తే "టాక్సులు కలిసుంటాయక్కా" అన్నాడు షాపు అబ్బాయి. మొన్న మా తమ్ముడి కొడుకు లోను యాప్‌లో చూసి, 2,500కి ఎక్స్‌టెండెడ్ వారంటీ కలిపారని చెప్పాడు. ఆ మాటే మాతో ఎవరూ అనలేదు.

పోయిన నెల మా ఆయనకి జీతం లేటయింది. 2వ తేదీ కిస్తీ కట్ కాలేదు. బ్యాంకు 590 వేసింది. నాలుగు రోజులకి ఫైనాన్సు వాళ్ళు అదే కిస్తీ మళ్ళీ కట్ కావడానికి పెట్టారట, బ్యాంకు మళ్ళీ 590. ఫైనాన్సు వాళ్ళు బౌన్సు చార్జి 590, లేటు చార్జి 212 వేశారు. ఒకతను ఇంటికొచ్చి కిస్తీ ఫోన్‌పేలో కట్టించుకుని, వచ్చినందుకు 300 చేతికి తీసుకున్నాడు. రసీదు లేదు. షాపు వాళ్ళు ఫైనాన్సు వాళ్ళని అడగమంటారు, వాళ్ళు బ్యాంకుని అడగమంటారు. "ఆ నాలుగు రాళ్ళ కోసం యాడ తిరుగుతాం, పోనీలే" అంటారు మా ఆయన. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇలా అడగడం పిసినారితనమా? కిస్తీలు ఆపేస్తే వాళ్ళే దారికొస్తారా?

సమాధానం: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. కిస్తీలు ఆపకండి. మీ కోపం న్యాయమైనదే. కానీ కిస్తీ ఆపిన రోజు నుంచి తప్పు మీ వైపుకి వస్తుంది. నెలనెలా మళ్ళీ బౌన్సు చార్జీలు పడతాయి, మీ అప్పుల రికార్డు చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు కొత్త కుట్టు మిషను కోసం లోను అడిగితే అక్కడ ఇదే అడ్డం వస్తుంది. కడుతూనే అడగండి. బాకీ లేని మనిషి అడిగితే ఆ మాటకు ఉండే బలం వేరు.

పిసినారితనమా అని అడిగారు. మీ ఉత్తరంలోని అంకెలు ఒక కాగితం మీద వేసి కూడి చూశాను. కౌంటర్ దగ్గర 999, 530. వారంటీ 2,500. బౌన్సు గొడవలో అన్నీ కలిపి 2,282. మొత్తం 6,311. ఇరవై నాలుగు వేల ఫ్రిజ్‌లో పావు వంతు పైనే. మీ కూలి లెక్కలో అది ఎన్ని బ్లౌజులో మీకే తెలుసు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు కాబట్టే మీ ఆయనకు పోనీలే అనిపిస్తోంది. రాత్రుళ్ళు చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ల దగ్గర కాపలా ఉండి ఇంటికొచ్చే మనిషికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడిది? ఆయన్ని తప్పు పట్టను. కానీ అందరూ పోనీలే అనుకునే కొద్దీ ఈ చార్జీలు పెరుగుతూనే ఉన్నాయి. మీరు అడిగి తీరాలి.

అయితే 6,311 అంతా వెనక్కి వస్తుందని ఆశ పెట్టను. అందులో కొంత వాళ్ళు తిరిగి ఇవ్వాల్సింది, కొంత మీరు కట్టక తప్పనిది, కొంత మర్యాదగా అడిగితే దక్కేది. మూడింటినీ కలిపి "మమ్మల్ని మోసం చేశారు" అని ఒకే ఫిర్యాదు రాస్తే, మీరు కట్టాల్సిన దాన్ని చూపించి మిగతాదంతా కొట్టేస్తారు. అందుకే విడదీసి చెప్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది వారంటీ 2,500. షోరూములో ఫైనాన్సు బల్ల దగ్గర ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుంటారు. కుర్రాడు తన ఫోన్‌లో ఏదో కొడుతూ ఉంటాడు. "ఒక ఓటీపీ వచ్చింది చూడండక్కా" అంటాడు, మీరు చెప్తారు. కాసేపటికి ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. పక్కన పిల్లలు ఏసీ కింద ఆడుకుంటుంటారు, వెనకాల మరో కుటుంబం వంతు కోసం నిలబడి ఉంటుంది. చాలాసార్లు ఆ కుర్రాడే "ఇలా ఇవ్వండక్కా" అని మీ ఫోన్ తీసుకుని తానే చూసుకుంటాడు. ఒక ఓటీపీ ఆధార్ సరిచూడటానికి. ఇంకోటి లోను ఒప్పందానికి మీ సంతకం. మరోటి నెలనెలా మీ ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి మీరిచ్చే అనుమతి. వాటి మధ్యలో ఎక్కడో వారంటీకి కూడా ఒకటి ఉండొచ్చు. మీకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి. వాళ్ళు మాత్రం ఒక్కో ఓటీపీని మీ ఒప్పుదలగా, ఒక్కో సంతకంలాగా చూపిస్తారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనూ మన ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లవాడే, నెలకు ఇన్ని వారంటీలు అమ్మాలని అతనికీ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. కానీ ఆ ఒత్తిడి డబ్బు మీ జేబులోంచి పోకూడదు.

అందుకని ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఫ్రిజ్ కొన్న రోజు మీ ఫోన్‌కు వచ్చిన మెసేజీలన్నీ వెతకండి. ఏ ఓటీపీ దేనికని చాలావరకు ఆ మెసేజీలోనే రాసి ఉంటుంది. అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి మీ తమ్ముడి కొడుక్కి కూడా పంపించి ఉంచండి. ఫోన్ పోయినా అవి ఉంటాయి. యాప్‌లో లోను నంబరు ఒకటే ఉందా, రెండున్నాయా చూడండి. వారంటీని వేరే చిన్న లోనుగా చూపించడం కూడా జరుగుతుంటుంది. తర్వాత షాపు ఇచ్చిన బిల్లు తీయండి. ఫ్రిజ్ పక్కన వారంటీ రాసి ఉందో లేదో, ఉంటే ఎంతని ఉందో చూడండి. బిల్లులో లేకుండా లోనులో మాత్రమే ఉంటే మీ వాదన ఇంకా గట్టిది.

ఇక మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం చెప్తాను. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే ఇలాంటి ప్రతి లోనుకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అందరూ కేఎఫ్ఎస్ అంటారు. లోను ఎంత, కిస్తీ ఎంత, ఏయే చార్జీలు, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుంది అనేవన్నీ అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే మీకు తెలుగులో. ఇచ్చి ఊరుకోవడం కాదు, చదివి వివరించి మీకు అర్థమైందని రాయించుకోవాలి. ఆ కాగితంలో లేని చార్జీని మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా లోను కాలంలో ఎప్పుడూ వసూలు చేయకూడదు. ఇంకొకరి తరఫున వసూలు చేసిన డబ్బుంటే దానికి రసీదు ఇవ్వాలి. మీ వారంటీని ఈ కాగితంతో పోల్చి చూడండి. అందులో లేక, మీరు స్పష్టంగా ఒప్పుకున్న ఆధారమూ లేకపోతే ఆ 2,500 తిరిగి ఇవ్వాల్సిందే. ఉన్నా, తెలుగులో చెప్పలేదు, వివరించలేదు అన్న మాట మీకు మిగిలే ఉంది. పైగా ఎక్స్‌టెండెడ్ వారంటీ మామూలుగా కంపెనీ వారంటీ అయిపోయాకే మొదలవుతుంది. దసరాకి కొన్న ఫ్రిజ్‌కు అది ఇంకా మొదలే కాలేదు. వాడని దాన్ని రద్దు చేయమని అడగడానికి ఇదే మంచి సమయం.

530 కార్డు సంగతీ ఇంతే. మీరు అడిగి తీసుకున్న కార్డయితే వదిలేయండి. అది లేకపోతే లోను రాదని చెప్పి అంటగట్టినదైతే అదే మాట ఫిర్యాదులో రాయండి.

999 ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీకు చెప్పే తీసుకున్నారు, మీరూ తెలిసే కట్టారు. అది వెనక్కి రాదు. కానీ అదేమిటో తెలుసుకోవాలి. మీ అప్పు నెలనెలా తరిగిపోతూ వస్తుంది కాబట్టి, పది నెలల మీద లెక్క వేస్తే మీరు ఏడాది పాటు వాడుకున్న సొమ్ము సుమారు 11,000 కింద తేలుతుంది. దాని మీద 999 అంటే ఏడాదికి 9 శాతం. మన లెక్కలో నూటికి నెలకు ముప్పావలా. కార్డు 530 కూడా కలిపితే నూటికి రూపాయి దాటిపోతుంది. సున్నా వడ్డీ అన్నది ఎక్కడా లేదు. 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఈ మాట చెప్పింది, సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని. రూపాయి వడ్డీ మన ఊళ్ళలో అన్యాయమైన వడ్డీ కాదు. అవసరానికి తీసుకోవచ్చు. కానీ తీసుకునేవాళ్ళకు అది వడ్డీ అని తెలిసి ఉండాలి.

బౌన్సు దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను, నొచ్చుకోకండి. బ్యాంకు వేసిన మొదటి 590, ఫైనాన్సు కంపెనీ బౌన్సు చార్జి 590, రెండూ మీరు ఒప్పుకున్న షరతుల్లో ఉండే ఉంటాయి. ఖాతాలో డబ్బు లేనప్పుడు పడే చార్జీలు అవి. చెరువుల మీద జీతం పట్టుబడిని, అంటే రొయ్యలు పట్టి అమ్మడాన్ని బట్టి వస్తుందని మీకు తెలుసు, నాకు తెలుసు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రొయ్య రేటు పడిపోయి, రైతులు పట్టుబడి వాయిదా వేసుకుంటే కూలీల చేతికి డబ్బు ఎంత ఆలస్యంగా వచ్చిందో కావలి, అల్లూరు ప్రాంతాల్లో అందరూ చూశారు. బ్యాంకు కంప్యూటరుకు ఇదేమీ తెలియదు. దానికి తెలిసింది 2వ తేదీ ఒక్కటే.

కాబట్టి మార్చాల్సింది ఆ తేదీ. కిస్తీ తేదీని 10కో 15కో మార్చమని ఫైనాన్సు కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. అందరూ ఒప్పుకోరు, కానీ అడిగితే చాలామంది దారి చూపిస్తారు. ఒప్పుకోకపోతే జీతం వచ్చే ఖాతా ఒకటి, కిస్తీలు పోయే ఖాతా ఒకటి విడిగా పెట్టుకుని, మీ కుట్టు కూలిలో నెలనెలా కొంత ఆ రెండో ఖాతాలో వేస్తూ ఉండండి. ఒక కిస్తీ సొమ్ము ఎప్పుడూ అందులో ముందుగా ఉండేలా చూసుకుంటే ఈ టెన్షన్ పోతుంది.

నాలుగు రోజులకే రెండోసారి పెట్టడం వల్ల పడిన 590 గురించి మాత్రం ఊరుకోవద్దు. పాస్‌బుక్ తీసుకుని మీ బ్యాంకు శాఖకు వెళ్ళి మేనేజరుతో మాట్లాడండి. ఒకే కిస్తీకి రెండు చార్జీలు పడ్డాయి, ఇంతకుముందు ఎప్పుడూ బౌన్సు కాలేదు, ఒకటి వెనక్కి వేయమని తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. ఇది హక్కు కాదు, విన్నపం. అందుకే మర్యాదగా అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు.

212 లేటు చార్జి గురించి ఒక్క విషయం. ఆలస్యానికి పెనాల్టీ వడ్డీ వేయడాన్ని రిజర్వు బ్యాంకు ఆపేసింది. చార్జి వేయొచ్చు, కానీ దాన్ని అసలులో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ లాగకూడదు. వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో ఆ 212 అలాగే ఉందా, పెరిగిందా చూసుకోండి.

ఇంటికొచ్చినతను తీసుకున్న 300 మీద నాకు మీకంటే ఎక్కువ కోపం వచ్చింది. రసీదు ఇవ్వకుండా చేతికి తీసుకున్న డబ్బు కంపెనీ ఖాతాలోకి పోయిందని ఎవరు చెప్పగలరు? మీ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఆలోచించాల్సింది ఉంది. కిస్తీ ఫోన్‌పేలో కట్టించుకున్నాడన్నారు. ఆ డబ్బు కంపెనీ పేరు మీదికి వెళ్ళిందా, అతని సొంత నంబరుకు వెళ్ళిందా వెంటనే చూడండి. లోను ఖాతాలో ఆ కిస్తీ జమ అయిందో లేదో యాప్‌లో చూడండి. జమ కాకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాని మీద ఫిర్యాదు చేయండి. ఇకమీదట ఎవరు వచ్చినా గుర్తింపు కార్డు చూపించమనండి, డబ్బు మాత్రం యాప్‌లోనే కట్టండి. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. వీధిలో నిలబడి గట్టిగా మాట్లాడితే భయపడకండి, ఫోన్‌లో రికార్డు చేయండి.

ఇప్పుడు ఫిర్యాదు ఎలా అన్నది. షాపు మిమ్మల్ని ఫైనాన్సు దగ్గరికి, వాళ్ళు బ్యాంకు దగ్గరికి తిప్పుతున్నారంటే అదంతా నోటిమాటగా జరుగుతోంది కాబట్టే. కాగితం మీద పెడితే తిప్పడం కష్టమవుతుంది. కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైటులోనో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు ఈమెయిల్ ఉంటుంది. తెలుగులోనే రాయండి, ఇంత చాలు:

"నా లోను నంబరు ఫలానా. ఫలానా తేదీన ఒంగోలులో 24,000 ధరకు ఫ్రిజ్ కొన్నాను. నాకు చెప్పకుండా 2,500 వారంటీ లోనులో కలిపారు. నేను దానికి ఒప్పుకున్నట్టు ఉన్న ఆధారం, నాకు ఇచ్చిన కేఎఫ్ఎస్ కాపీ పంపగలరు. వారంటీ రద్దు చేసి ఆ సొమ్ము తిరిగి ఇవ్వగలరు లేదా కిస్తీలో తగ్గించగలరు. ఫలానా తేదీన మీ మనిషి రసీదు లేకుండా తీసుకున్న 300కు రసీదు ఇవ్వండి లేదా సొమ్ము తిరిగి ఇవ్వండి. కిస్తీ తేదీ మార్చగలరు."

కోపం మాటలు ఒక్కటి కూడా వద్దు. తేదీలు, అంకెలు, స్క్రీన్‌షాట్లు ఉంటే చాలు. వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. ఇదే ఉత్తరం షాపుకూ పంపండి. మెయిల్ అలవాటు లేకపోతే కావలి హెడ్ పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి, రసీదు దాచుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆర్‌బీఐ కంప్లయింట్ పోర్టల్‌లో పెట్టొచ్చు, ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. ముందు కంపెనీకి రాసిన కాగితం లేకుండా నేరుగా వెళ్తే మాత్రం ఫిర్యాదు తీసుకోరు. అందుకే ఆ ఉత్తరం ముఖ్యం.

షాపు మీదైతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు కేసు వేయరు, కంపెనీకి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. ఇలాంటి చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టంలో మీకు పనికొచ్చే మార్పు ఒకటి ఉంది. కొన్నది ఒంగోలులో అయినా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అంటే నెల్లూరులో. 5 లక్షల లోపు కొనుగోళ్ళకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే మాట్లాడొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. గడువు రెండేళ్ళు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతుంటారు. ఇచ్చినా తప్పు లేదు, కానీ ప్రైవేటు కంపెనీ చార్జీలకు అది సరైన దారి కాదు. నెల్లూరు దాకా బస్సు చార్జీ పెట్టుకుని పోయేటట్టయితే కమిషన్‌కే పోండి.

ఉన్న మాట చెప్పాలంటే కమిషన్‌లో వాయిదాలు పడతాయి. 2,500 కోసం అక్కడిదాకా వెళ్ళాలా అన్నది మీ ఓపికను బట్టి మీరే తేల్చుకోండి. నా అంచనాలో ఉత్తరం, ఆ తర్వాత 1915, ఈ రెండిట్లోనే వారంటీ డబ్బు తిరిగొచ్చే అవకాశం బాగానే ఉంది. మధ్యలో వాళ్ళు ఫోన్ చేసి "సగం ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అనొచ్చు. తొందరపడి సరే అనకండి. ఎంత ఇస్తారో, ఏ తేదీకి ఇస్తారో మెయిల్‌లో పంపమనండి. డబ్బు ఖాతాలో పడ్డాకే ఫిర్యాదు మూసేయండి. ఫిర్యాదు మూయడానికి ఓటీపీ అడిగితే అది కూడా సంతకమేనని గుర్తుంచుకోండి.

పదో కిస్తీ కట్టాక మూడు పనులున్నాయి. బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. మీ బ్యాంకులో ఆ ఆటో డెబిట్ అనుమతి రద్దయిందో లేదో చూసుకోండి, లేకపోతే మీరే రద్దు చేయించండి. ఓ రెండు నెలలు ఆగి సిబిల్ రిపోర్టు తీయండి. ఏడాదికి ఒకసారి ఉచితంగానే ఇస్తారు. అందులో ఈ లోను మూసినట్టు ఉందో లేదో చూసి, లేకపోతే నాకు మళ్ళీ రాయండి.